పలెర్మో నుంచి చెఫలూకి: ఒక్కరోజు ప్రయాణాన్ని సిద్ధం చేసుకునే విధానం

ఇటలీలోని సిసిలీ ద్వీపపు ఉత్తర తీరాన, పలెర్మో నగరానికి తూర్పుగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో చెఫలూ అనే చిన్న ఊరు ఉంది. ఎదురుగా మధ్యధరా సముద్రంలో భాగమైన టిరేనియన్ సముద్రం, వెనుక సుమారు 270 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండ, ఈ రెండింటి నడుమ ఇరుకైన సందులు, ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చి సిసిలీని ఏలిన నార్మన్ వంశపు రాజుల కాలపు పెద్ద చర్చి, ఊరి అంచునే మొదలయ్యే పొడవైన ఇసుక తీరం ఉన్నాయి. చూడవలసినవన్నీ నడిచి చేరగల దూరంలోనే ఉండటం వల్ల, ఒక పగటిపూటను తృప్తిగా గడపడానికి ఇంతకంటె అనువైన ఊరు సిసిలీ ఉత్తర తీరంలో మరొకటి ఉందని నేను అనుకోను. ఇటలీ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు, వారిని చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు, యూరప్ యాత్రలో సిసిలీని కలుపుకొనేవారికి ఈ వివరాలు పనికొస్తాయి.

ప్రణాళికలో అన్నిటికంటె ముఖ్యమైన విషయం వేళల అమరిక. ఈ ఊరి రోజు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చాలా దుకాణాలు తలుపులు మూసి మళ్లీ నాలుగింటి తరువాతే తెరుస్తాయి. చర్చికి కూడా సాధారణంగా మధ్యాహ్న విరామం ఉంటుంది. హోటళ్ల వంటగదులు రెండున్నర దాటితే భోజనం పెట్టవు. పదకొండింటికి తీరిగ్గా దిగి, ముందు సముద్రంలో మునిగి, రెండింటికి చర్చి దగ్గరకు వెళ్లినవారికి మూసిన తలుపు, మండుటెండలో కొండ, కట్టేసిన వంటగది ఎదురవుతాయి. కాబట్టి కొండను, చర్చిని పొద్దున, భోజనాన్ని ఒంటిగంటకు, సముద్రాన్ని సాయంత్రానికి పెట్టుకోవాలి. మిగిలిన నిర్ణయాలన్నీ ఈ క్రమాన్ని బట్టే తీసుకోవాలి.

నెల విషయానికి వస్తే, సెప్టెంబరు అన్నిటికంటె మంచిదని నా అభిప్రాయం. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి ఇంకా చల్లబడదు, ఆగస్టు రద్దీ మాత్రం తగ్గిపోతుంది. మే, జూన్ నెలల్లో కొండ ఎక్కడానికి గాలి హాయిగా ఉంటుంది కాని, నీళ్లు చల్లగా తగులుతాయి. ఆగస్టులో, ముఖ్యంగా 15వ తేదీన వచ్చే ఫెర్రాగోస్తో పండుగకు అటూ ఇటూ, ఇటలీ మొత్తం సముద్రతీరాలకు తరలివస్తుంది. రైల్లో నిలబడటానికి, తీరంలో తువ్వాలు పరవడానికి కూడా చోటు వెతుక్కోవలసి వస్తుంది. ఆగస్టులోనే వెళ్లక తప్పనివారు, ఊరి ఇష్టదైవం పేరిట 2 నుంచి 6వ తేదీ వరకు జరిగే ఉత్సవంలో చివరి రోజును ఎంచుకుంటే ఆ రద్దీకి తగిన ఫలం దక్కుతుంది. ఆ రోజు సముద్రం మీదికి అడ్డంగా చాపిన పొడవాటి దూలానికి జారుడు పదార్థం పూస్తారు. ఊరి యువకులు దాని మీద నడిచి, చివరన కట్టిన జెండాను అందుకోవడానికి ఒకరి తరువాత ఒకరు ప్రయత్నిస్తారు. చలికాలంలో వానలు ఎక్కువ, తీరంలోని ఏర్పాట్లు చాలావరకు ఉండవు.

ప్రయాణానికి కారు కంటె రైలే మేలు. పాత ఊరి సందుల్లోకి బయటి వాహనాలను రానివ్వరు, వేసవిలో కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. పలెర్మో చెంత్రాలె స్టేషను నుంచి రెజోనాలె అనే ప్రాంతీయ రైళ్లు పగలంతా నడుస్తాయి. ప్రయాణం ముప్పావుగంట నుంచి గంట వరకు పడుతుంది. ఈ రైళ్లకు ముందుగా సీటు కేటాయింపు ఉండదు, ముందే కొన్నా అదే ధర కాబట్టి తొందరపడి టికెట్టు తీసుకోనక్కర్లేదు. అయితే కాగితపు టికెట్టు కొన్నవారు రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీద ఉండే చిన్న యంత్రంలో దాని మీద తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ఫోనులో కొన్నవారు రైలెక్కే ముందే చెక్-ఇన్ పూర్తి చేయాలి. డబ్బు చెల్లించి టికెట్టు చేతిలో ఉన్నా, ఈ పని చేయకపోతే తనిఖీ సిబ్బంది జరిమానా విధించవచ్చు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి, ఎందుకంటే బగేరియా, తేర్మిని ఇమెరేసె దాటి వెళ్లే ఈ మార్గంలో సముద్రం అటువైపే ఉంటుంది.

బయలుదేరే తేదీ ఖాయం చేసుకునే ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది సమ్మె. ఇటలీలో రైల్వే సమ్మెలను ముందుగానే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె జరిగినా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని ప్రాంతీయ రైళ్లను తప్పనిసరిగా నడపాలనే నియమం ఉంది. రెండోది ఆదివారం. ఆదివారాల్లోను, సెలవు దినాల్లోను రైళ్లు తగ్గుతాయి, చర్చిలో ప్రార్థనలు జరుగుతున్నంతసేపు సందర్శకులు తిరగడానికి వీలుండదు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకుంటే ఈ ఇబ్బందులు చాలావరకు తప్పుతాయి. పాస్‌పోర్టునో, ఇటలీ నివాస అనుమతి కార్డునో వెంట ఉంచుకోవాలి.

పలెర్మోలో ఎనిమిదింటి లోపు రైలెక్కితే తొమ్మిదికల్లా చెఫలూలో ఉండవచ్చు. స్టేషను కొత్త ఊళ్లో ఉంటుంది. అక్కడి నుంచి పాత ఊరి ప్రధాన వీధి కోర్సో రుజ్జేరోకు పది నిమిషాల నడక. దారిలో కనిపించిన బారులో, అంటే కాఫీ దుకాణంలో, కౌంటరు దగ్గర నిలబడే కాఫీ తాగి వెళ్లడం మంచిది. బల్ల దగ్గర కూర్చుంటే అదే కాఫీకి ఎక్కువ తీసుకుంటారు.

ముందు కొండ ఎక్కాలి. లా రోక్కా అని పిలిచే ఈ కొండకు ప్రవేశ రుసుము ఉంది, వాన పడినా, గాలి బలంగా వీచినా దారి మూసేస్తారు. దాదాపు అరగంట ఎక్కితే డయానా గుడి అనే పేరుతో ప్రసిద్ధమైన ప్రాచీన కట్టడం వస్తుంది. మనిషి మోయలేని పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చిన దాని గోడలు, అంతకంటె పాతదైన నీటి తొట్టి పక్కన నిలబడి ఉన్నాయి. ఇంకో అరగంట ఎక్కితే శిఖరం మీద కోట శిథిలాలు, అక్కడి నుంచి తీరరేఖ మొత్తం కనిపిస్తాయి. దిగడంతో కలిపి రెండు గంటలు కేటాయించాలి. చెట్ల నీడ తక్కువ, పైన నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకూడదు; మనిషికి లీటరు నీళ్లు, టోపీ తప్పనిసరి. అడుగుల ఒరిపిడికి నున్నబడిన మెట్ల మీద చెప్పులు జారతాయి కనుక పట్టు ఉన్న బూట్లే వేసుకోవాలి. సముద్రస్నానం కోసం వేసుకొచ్చిన రబ్బరు చెప్పులతో ఈ కొండ ఎక్కడం ప్రమాదకరం. శిఖరం దాకా ఓపిక లేనివారు డయానా గుడి దగ్గరే ఆగి, కొంచెం ముందుకు నడిచి కిందికి చూస్తే చాలు. చర్చి జంట గోపురాలు, ఎర్రపెంకుల ఇళ్లు, చిన్న రేవు కాళ్ల కిందనే పరచుకొని ఉంటాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే కొండను పూర్తిగా వదిలేయమనే నా సలహా. వారిని సముద్రం వైపున్న పాత కోటబురుజు, బస్తియోనె కాపో మర్కియాఫావా దగ్గరకు తీసుకువెళ్లవచ్చు. అలలు బండలకు కొట్టుకోవడాన్ని అక్కడ నింపాదిగా చూడవచ్చు. కొండను వదులుకున్నామన్న వెలితి ఏమీ ఉండదు.

పదకొండున్నరకల్లా చర్చి ముందుండాలి. నార్మన్ రాజు రెండవ రోజర్ దీని నిర్మాణాన్ని 1131లో ప్రారంభించాడు. తుపానులో చిక్కుకున్న తన ఓడ ఈ తీరానికి క్షేమంగా చేరినందుకు మొక్కు తీర్చుకోవడానికే కట్టించాడని ఊరివారు చెప్పుకొనే కథ. తన సమాధి ఇక్కడే ఉండాలని ఆయన రెండు ఊదారంగు రాతి శవపేటికలు కూడా చేయించాడు. కాని ఆయనను పలెర్మోలోనే ఖననం చేశారు, ఆ రాతి పేటికలను 1215లో ఆయన మనుమడు రెండవ ఫ్రెడరిక్ పలెర్మోకు తరలించాడు. 2015లో యునెస్కో ఈ చర్చిని, పలెర్మోలోని అరబ్-నార్మన్ కట్టడాలతోను మోన్‌రియాలె చర్చితోను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లోపలికి వెళ్లేముందు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. పలుచని చున్నీ ఒకటి సంచిలో ఉంటే సరిపోతుంది. వచ్చినవారు చాలామంది ఒక ఫోటో తీసుకొని అయిదు నిమిషాల్లో బయటికి వెళ్లిపోతారు. అది అన్యాయం. గర్భగృహం పైనున్న అర్ధగోళంలో 1148 నాటికి పూర్తయిన, చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బంగారు మొజాయిక్ క్రీస్తు ఉన్నాడు. ఆ పనితనం బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు, సంప్రదాయంలోని కళాకారులది. ఒక బల్ల మీద కూర్చొని కళ్లు చీకటికి అలవాటుపడే దాకా ఆగితే ఒక్కొక్కటే పైకి తేలుతుంది: నుదుటి మీదికి జారిన రెండు వెంట్రుకల పాయలు, ఆశీర్వదిస్తున్న కుడిచేతి వేళ్ల మడత, ఎడమచేతిలో తెరిచి పట్టుకున్న పుస్తకం. ఆ పుస్తకంలో ఒక పుటలో గ్రీకులోను, ఎదుటి పుటలో లాటిన్‌లోను ఒకే సువార్త వాక్యం రాసి ఉంటుంది. గ్రీకు, లాటిన్, అరబ్బీ మూడూ వాడుకలో ఉన్న రాజ్యాన్ని ఏలిన రాజు కట్టించిన గుడిలో ఆ రెండు పుటలను పక్కపక్కన చూడటానికి పావుగంట కేటాయించడం ఎక్కువేమీ కాదు.

ఒంటిగంటకు భోజనం. ఇక్కడ తినేది చేపల వంటలకే పేరుపడ్డ ఊరి తిండి. చేపలు తినేవారికి సార్డీన్‌లు, అడవి సోంపు ఆకు, ఎండుద్రాక్ష కలిపి చేసే పాస్తా కాన్ లె సార్దెను తప్పక రుచి చూడమంటాను. శాకాహారులకు కూడా ఇబ్బంది లేదు కాని, కొన్ని జాగ్రత్తలు తెలిసి ఉండాలి. శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, పలుచని ముక్కలుగా కోసి వేయించే పనెల్లె, పుల్లతీపుగా మగ్గించిన వంకాయ ముక్కల కపొనాత, వేయించిన వంకాయలతో టమాటా పులుసులో వచ్చే పాస్తా అల్లా నోర్మా, నారింజతొనల సలాడు మన నోటికి బాగా నచ్చుతాయి. అన్నంతో చేసే అరంచినల్లో ‘అల్ బుర్రో’ అన్నది పేరుకు వెన్నదే అయినా లోపల సాధారణంగా పందిమాంసపు హామ్ ఉంటుంది. దళసరి రొట్టె లాంటి స్ఫిన్చోనెలో ఉల్లిపాయ, టమాటాల కింద ఉప్పుచేపలు కలిసిపోయి ఉంటాయి. కనుక ‘సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా అచ్చూగె’ అని, అంటే మాంసం, చేప, ఉప్పుచేప మూడూ వద్దని, విడివిడిగా చెప్పాలి. మాంసం లేదంటే చేప ఉండవచ్చని వంటవారు అనుకునే అవకాశం ఉంది. గుడ్డు కూడా తిననివారు ‘సెంజా ఉవోవా’ అని జోడించుకోవాలి. బిల్లులో కోపెర్తో అనే పేరుతో మనిషికి ఇంత అని చిన్న మొత్తం కలుపుతారు. అది మోసం కాదు, రొట్టెకు, బల్లకు తీసుకునే మామూలు రుసుము.

భోజనం తరువాత ఎండ తగ్గేవరకు నీడపట్టున ఉండే చోట్లు చూసుకోవాలి. విట్టోరియో ఎమాన్యుయేలె వీధిలో మెట్లు దిగి వెళితే మధ్యయుగపు చాకిరేవు వస్తుంది. చెఫలీనో అనే ఏటి నీళ్లు గోడలోని సింహపు తలల నోళ్లలోంచి రాతి తొట్ల వరుసలోకి పారుతూ, అక్కడి నుంచి సముద్రంలో కలుస్తాయి. తొట్ల అంచున బట్టలు రుద్దడానికి ఏటవాలుగా చెక్కిన బండలు తరతరాల ఒరిపిడికి నున్నగా అయిపోయాయి. అరచేతితో తడిమి చూడాలి. ఈ ఏరు వెండికంటె స్వచ్ఛమని, మంచుకంటె చల్లనని పొగిడే శాసనం అక్కడ ఉంది. చేయి ముంచి చూస్తే ఆ మాటలో అతిశయోక్తి తక్కువేనని తెలుస్తుంది.

దగ్గరలోనే మండ్రలిస్కా మ్యూజియం ఉంది. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందురోజే చూసుకోవాలి. 15వ శతాబ్దపు చిత్రకారుడు ఆంతొనెల్లో ద మెస్సీనా గీసిన, పెదవుల చివర నవ్వు దాచుకున్న అపరిచితుడి చిత్రం కోసమే చాలామంది వస్తారు. దానితో పాటు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు మట్టికూజాను కూడా వెతికి చూడండి: దాని మీద చేపలమ్మే మనిషి కత్తితో ట్యూనాను కోస్తుంటే, కొనేవాడు ఎదురుగా నిలబడి నాణెం చూపిస్తున్నాడు.

నాలుగింటికి సముద్రం. తీరంలో కొంతభాగం లీదో అనే ప్రైవేటు ఏర్పాట్ల కింద ఉంటుంది. అక్కడ గొడుగు, పడక కుర్చీ అద్దెకిస్తారు. మిగతాది అందరికీ ఉచితం, దాన్ని స్పియాజ్జా లీబెరా అంటారు. సాయంత్రం రెండు మూడు గంటల కోసం గొడుగు అద్దెకు తీసుకోవడం దండుగ. పెద్ద తువ్వాలు, మార్చుకోవడానికి బట్టలు, తడిబట్టలకు ప్లాస్టిక్ సంచి ఉంటే ఉచిత తీరమే చాలు. ఎర్రజెండా ఎగురవేసి ఉంటే ఈత వచ్చినవారు కూడా నీళ్లలోకి దిగకూడదు. తడి బట్టలతో పాత ఊరి వీధుల్లో తిరగడం అక్కడ మర్యాద కాదు. తీరం నుంచి చూస్తే పాత ఊరు తూర్పున ఉంటుంది కనుక, పడమటి ఎండ నేరుగా ఇళ్ల గోడల మీద పడుతుంది. ఫోటో కోసం ఒకే చోటు ఎంచుకోవలసి వస్తే ఈ ఇసుక మీదే నిలబడాలి.

ఒకే రోజులో మోన్‌రియాలెను కూడా కలుపుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అది పలెర్మోకు అవతలి వైపున్న కొండ మీద ఉంది. రెండింటినీ కలిపితే చెఫలూ సాయంత్రం పోతుంది. దానికి వేరే పూట పెట్టుకోవాలి. తిరుగు ప్రయాణానికి చివరి రైలు మీద ఆధారపడకుండా, దాని ముందు రైలును లెక్కలో పెట్టుకోవాలి. ఆ రెండింటి సమయాలను పొద్దున స్టేషనులో దిగిన వెంటనే బోర్డు మీద చూసి ఫోనులో రాసుకొని, తిరుగు టికెట్టును కూడా అక్కడే కొనుక్కుంటే సాయంత్రం యంత్రం ముందు వరుసలో నిలబడే పని ఉండదు.