నటుడు దర్శకుడు కావాలంటే నేర్చుకోవలసిన పని

కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో షేక్స్‌పియర్ పాత్రలు ధరించిన ఎస్.వి. రంగారావు 1946లో ‘వరూధిని’తో తెరమీదికి వచ్చి, 1967లో ‘చదరంగం’తో దర్శకుడయ్యారు. మధ్యలో 21 ఏళ్లు గడిచాయి. నాటకాలు రాస్తూ, వేస్తూ పెరిగి, 1980లలో మాటల రచయితగా సినిమాల్లోకి వచ్చిన తనికెళ్ల భరణి, నటుడిగా పేరు స్థిరపడిన ఎన్నో ఏళ్లకు, 2012లో ‘మిథునం’ తీశారు. అందరూ అంత కాలం ఆగాలని నేను చెప్పడం లేదు. నటనలో ఎంత ఆరితేరినా దర్శకత్వం దానంతట అది రాదు కనుక, వేషాలు వేస్తున్న రోజుల్లోనే దాని సాధన మొదలుపెట్టాలని చెబుతున్నాను. తన పాత్ర మీదే నిలిచి ఉండే నటుడి చూపు సన్నివేశమంతటి మీదికి మళ్లడమే ఈ సాధనకు గురి.

నటుడికి మాట విరుపు తెలుసు, ఎదుటివాడి మాట వినడం తెలుసు, షాటుకు ముందు ఎవరైనా ఒక్క మాట తూలితే నటుడి మనసు ఎలా చెదిరిపోతుందో కూడా తెలుసు. తన షాటు ఓకే అయి మేకప్పు తుడుచుకున్న తర్వాత ఆ షాటుకు ఏమవుతుందో మాత్రం చాలామందికి తెలియదు. అందుకే మొదట చేయవలసిన పని ఖర్చు లేనిది: షాటు అయిపోగానే క్యారవాన్‌లోకి వెళ్లకుండా, దర్శకుడి అనుమతి తీసుకుని కెమెరా తీస్తున్నది కనిపించే మానిటర్ వెనుక కూర్చోవాలి. ఆ రోజు తీసిన ఒక్క సన్నివేశాన్ని ఎంచుకుని, దాన్ని ఎన్ని షాట్లుగా విడగొట్టారో, ఏ షాటు ముందు తీశారో, ఏ లెన్సు వేశారో నోటుపుస్తకంలో రాసుకోవాలి. కొన్ని వారాల తర్వాత, మళ్లీ అనుమతి అడిగి, అదే సన్నివేశం ఎడిటింగ్ జరిగేటప్పుడు వెళ్లి చూడాలి. రాసుకున్న షాట్లలో ఏవి మిగిలాయో, ఏవి పోయాయో పోల్చి చూసుకుంటే, ఏ పుస్తకమూ చెప్పలేనిది ఆ రెండు పేజీల్లో దొరుకుతుంది. మనం ఎంతో కష్టపడి చెప్పిన డైలాగు మన ముఖం మీద కాకుండా, వింటున్న మనిషి ముఖం మీద నడవడం కూడా అక్కడే చూస్తాం. మొదటిసారి అది బాధ కలిగిస్తుంది. అలా చేయడమే సరైనదని మనకే అనిపించిన రోజున దర్శకత్వం కొంత పట్టుబడినట్టే.

రెండో దశలో, కెమెరా జోలికి పోకముందే, రంగస్థలం మీద ఒక నాటికకు దర్శకత్వం వహించాలి. నాటక పరిషత్తులు జరిపే పోటీలకు ఆడే నాటిక అయితే మేలు, ఎందుకంటే నిడివికి హద్దు ఉంటుంది, పాత్రలు కొద్దిగానే ఉంటాయి, లైటింగు, రంగాలంకరణ, సంగీతం అన్నీ ఒకే మనిషి చూసుకోవలసి వస్తుంది. 1885 నుంచి కుటుంబాలే సమాజాలుగా నడుస్తున్న సురభి నాటకాల్లో వేషం వేసేవాళ్లే తెరలూ సెట్లూ కూడా చూసుకుంటారు; నాటకం మొత్తాన్ని ఒక్కటిగా చూడగలగడం అలాంటి పనిలోనే అలవడుతుందని నా నమ్మకం.

అయితే రంగస్థలంలో నేర్చుకున్నది తెరకు ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. ఒక చిన్న ఘట్టం తీసుకుందాం. కొడుకు ఇంకా ఇంటికి రాలేదు, తల్లి కంచంలో అన్నం పెట్టి మూత వేసి కూర్చుంది. నాటకంలో ఆమె ఆదుర్దా చివరి వరుస దాకా చేరాలంటే, ఆమె లేచి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి రావాలి, గోడ గడియారం వైపు మొత్తం ఒంటితో తిరగాలి. తెర మీద ఆమె లేవనే అక్కరలేదు. వీధిలో బండి చప్పుడు వినిపించగానే ఆమె చెయ్యి మూత మీదికి వెళుతుంది, బండి ఆగకుండా సాగిపోగానే ఆ చెయ్యి వెనక్కి వస్తుంది. ఈ ఘట్టానికి కావలసినవి మూడే షాట్లు: గదిలో ఒంటరిగా ఆమె, మూత మీద చెయ్యి, మళ్లీ ఆమె ముఖం. ఇక్కడే కంటిన్యుటీ, అంటే ఒక షాటులో ఉన్నది తర్వాతి షాటులోనూ అలాగే ఉండటం, కూడా చూసుకోవాలి. మొదటి షాటులో కుడిచేయి మూత మీద ఉంటే దగ్గరి షాటులోనూ కుడిచేయే ఉండాలి, గాజులు అవే ఉండాలి, అన్నం అంతే ఉండాలి. ఇలాంటి ఘట్టాలు పది రాసుకుని, ఫోనుతోనైనా సరే తీసి, కత్తిరించి చూసుకున్న తర్వాతే పెద్ద యూనిట్‌ను నడిపించే బాధ్యత తలకెత్తుకోవాలి.

తోటి నటులతో పనిచేయించడం నటుడికి సులువని అందరూ అనుకుంటారు. నటుడు దర్శకుడైనప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది అక్కడే. ఎలా చేయాలో తాను చేసి చూపిస్తాడు. నేను మొదటి నాటికలో ఒక కుర్రవాడికి ప్రతి మాటా పలికి చూపించాను, ప్రతి అడుగూ వేసి చూపించాను. ప్రదర్శన నాడు అతను నా గొంతులోని జీరతో సహా అప్పజెప్పాడు. ఆ పాత్ర ఎక్కడా కనబడలేదు, ఆ కుర్రవాడూ కనబడలేదు. అతనికి నేను చేసిన అన్యాయం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. చేసి చూపించే బదులు, ఆ క్షణంలో పాత్రకు ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పాలి: “నీకు డబ్బు అక్కరలేదమ్మా, నాన్న నీ వైపు ఒకసారి చూస్తే చాలు.” ఆ పైన నటుడికి రెండు టేకులు వదిలెయ్యాలి. మూడో టేకుకు ముందు మాత్రమే నోరు విప్పాలి.

మొదటి కథ చిన్నదై ఉండాలి, అందులో మనం నటించకుండా ఉంటే ఇంకా మంచిది. ‘మిథునం’ శ్రీరమణ కథకు తెరరూపం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి పోషించిన రెండు పాత్రలే సినిమా అంతా నడుస్తాయి. ఒక ఇల్లు, ఒక పెరడు, ఇద్దరు మనుషులు ఉంటే దర్శకుడి దృష్టంతా నటన మీదే నిలుస్తుంది, నటుడి బలమూ అదే. అచ్చయిన కథను తీసుకుంటే, రచయిత నుంచి గాని వారసుల నుంచి గాని హక్కులను రాతపూర్వకంగా పొందాలి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది కనుక, ‘పాత కథే కదా’ అనుకోవడానికి వీల్లేదు.

తప్పనిసరిగా నటించవలసి వస్తే, ఎన్.టి. రామారావు 1961లో ‘సీతారామ కల్యాణం’కు దర్శకత్వం వహిస్తూనే రావణుడి పాత్ర ధరించిన సంగతి ధైర్యాన్ని ఇస్తుంది గాని, ఆ శక్తి అందరికీ ఉండదు. అలాంటప్పుడు ‘ఇది బాగాలేదు’ అని మన ముఖం మీద చెప్పగల కో-డైరెక్టర్‌ను పెట్టుకుని, మన టేకుల విషయంలో నిర్ణయం అతనికే వదలాలి. రిహార్సల్‌లో మన మార్కు మీద, అంటే షాటులో మనం నిలబడవలసిన చోట, మరొకరిని నిలబెట్టి, ఫ్రేము కుదిరిందో లేదో చూసుకోవాలి. ఎదుటి నటుల దగ్గరి షాట్లు ముందే పూర్తి చేసుకుంటే, వెలుతురు తగ్గిపోయినా నష్టం మన షాట్లకే పరిమితమవుతుంది.

జీవనోపాధి గురించి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కథ మొదలైనప్పటి నుంచి విడుదల దాకా ఏడాదికి పైగా పట్టవచ్చు. ఈలోగా ‘ఆయన డైరెక్షన్‌లో ఉన్నారట’ అన్న మాట పాకితే వేషాలు రావడం ఆగిపోతుంది. ఏ నెలల్లో ఖాళీ ఉందో ప్రొడక్షన్ మేనేజర్లకు ముందే ఫోను చేసి చెప్పి, నటనకు కొన్ని కాల్‌షీట్లు (షూటింగుకు ఇచ్చే రోజులు) మిగుల్చుకోవాలి. రంగారావు రెండు చిత్రాలకు దర్శకత్వం వహించినా నటన మానలేదు. నిర్మాణ భారాన్ని మాత్రం మొదటి చిత్రానికి నెత్తిన పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. సావిత్రి అంతటి మహానటి దర్శకత్వంతోపాటు నిర్మాణాన్ని కూడా మోసి ఎంత పోగొట్టుకున్నారో తెలుగువారందరికీ తెలుసు.

చివరిగా ఎడిటింగ్‌లో, నటన బాగుందన్న ఒక్క కారణంతో కథకు అక్కరలేని సన్నివేశాన్ని ఉంచాలని నటుడి మనసు పీకుతూనే ఉంటుంది. మొదటి కూర్పు అయ్యాక, కథ తెలియని ఇద్దరు ముగ్గురిని పిలిచి చూపించాలి. అప్పుడు తెర వైపు కాక వాళ్ల ముఖాల వైపు తిరిగి కూర్చోవాలి. ప్రేక్షకుల కదలికను పసిగట్టడం రంగస్థలం మనకు ఎప్పుడో నేర్పింది. వాళ్లు కుర్చీలో సర్దుకున్న ప్రతిసారీ నిమిషం రాసుకుని, మర్నాడు కత్తెర అక్కడి నుంచే మొదలుపెట్టాలి.