మధ్యస్థ ఎస్‌యూవీ కొనేవారికి: ఇంజిన్ ఎంపిక, దానికి తగిన సంరక్షణ

క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా, హైరైడర్, ఎలివేట్, కుషాక్, టైగన్ వంటి బండ్లలో ఒకటి కొనాలనుకున్న కుటుంబం సాధారణంగా రంగు గురించి, సన్‌రూఫ్ గురించి వారాల తరబడి చర్చించి, ఇంజిన్ సంగతిని మాత్రం షోరూమ్‌లో సేల్స్ ప్రతినిధి మాటకు వదిలేస్తుంది. ఆ ప్రతినిధి, సహజంగానే, త్వరగా డెలివరీ ఇవ్వగలిగిన వేరియంట్‌నే మెచ్చుకుంటాడు. ఒక్క క్రెటా పేరు మీదనే మూడు రకాల ఇంజిన్లు, నాలుగు రకాల గేర్‌బాక్సులు అమ్ముడవుతున్నాయి. వాటిలో ప్రతిదానికీ ఒక బలహీనత ఉంది. ఆ బలహీనత మీరు రోజూ బండి వాడే తీరుకే తగిలేదైతే, ఎంత శ్రద్ధగా సర్వీస్ చేయించినా ఖర్చు తప్పదు. కాబట్టి ఏ ఇంజిన్ కొనాలన్న ప్రశ్న వేసుకున్నప్పుడే, ఆ ఇంజిన్ కోరే సేవ మనం చేయగలమా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ముందుగా ఒక నెలపాటు ఇప్పుడున్న బండి ఎక్కడెక్కడికి వెళ్తోందో రాసి పెట్టుకోండి. ఏడాదికి మొత్తం ఎన్ని కిలోమీటర్లన్నది అందరూ చూస్తారు గానీ, ఒక్కో ప్రయాణం ఎంత దూరమన్నది అంతకంటే ముఖ్యం. పిల్లలను బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, సాయంత్రం గుడికి వెళ్లి వచ్చే బండికీ, వారానికోసారి ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి వెళ్లే బండికీ మీటర్ మీద ఒకే అంకె కనిపించినా వాటి ఇంజిన్లు గడిపే జీవితం ఒకటి కాదు.

డీజిల్ ఎవరికి?

డీజిల్ లాభమా కాదా అన్నది కాగితం మీద తేల్చుకోవచ్చు. లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. మన రోడ్ల మీద ఏసీ వేసుకుని నడిపితే పెట్రోలు బండి లీటరుకు 12, డీజిల్ బండి 16 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు దాదాపు 8.90 రూపాయలు, డీజిల్ ఖర్చు 6 రూపాయలు అవుతుంది. డీజిల్ వేరియంట్‌కు ఆన్‌రోడ్ ధరలో లక్షన్నర ఎక్కువ పెట్టామంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి సుమారు 52 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 20 వేల కిలోమీటర్లు తిరిగేవారికి అది రెండున్నరేళ్ల పని. 8 వేలు తిరిగేవారికి ఆరున్నరేళ్లు పడుతుంది. లైఫ్ ట్యాక్స్‌ను బండి ధర మీదనే లెక్కకడతారు కాబట్టి, ఎక్స్‌షోరూమ్ ధరను కాకుండా ఆన్‌రోడ్ ధరనే పోల్చి చూడాలి.

లెక్క కుదిరినంత మాత్రాన డీజిల్ కొనేయకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 కాలుష్య నిబంధనల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి చేరింది. దానిని అందరూ డీపీఎఫ్ అంటున్నారు. అందులో పేరుకున్న మసిని ఇంజిన్ తనంతట తానే 600 డిగ్రీలకు దగ్గరి వేడిలో కాల్చి బూడిద చేసుకుంటుంది. అంత వేడి పుట్టాలంటే బండి ఆగకుండా, నిలకడైన వేగంతో పదిహేను ఇరవై నిమిషాలైనా నడవాలి. రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండిలో ఆ పని సగంలోనే ఆగుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగినప్పుడు కూడా పట్టించుకోకపోతే ఇంజిన్ శక్తి తగ్గిపోతుంది, చివరికి ఫిల్టర్ మార్చాల్సి వస్తే బిల్లు చాలా పెద్దదవుతుంది. హైదరాబాద్‌లో డీజిల్ బండి ఉన్నవారు వారం పది రోజులకోసారి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి ఒక అరగంట నడిపి రావడం ఇందుకే మంచిది. అసలు అలాంటి రోడ్డు దగ్గరలో లేనివారికీ, ఉన్నా ఎక్కే పని పడనివారికీ నా సలహా ఒక్కటే: డీజిల్ జోలికి వెళ్లకండి. ఢిల్లీ ప్రాంతానికి బదిలీ అయ్యే అవకాశమున్న ఉద్యోగులు అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఇప్పుడు ఎలా ఉన్నాయో కూడా కనుక్కోవాలి.

పెట్రోలులో మూడు దారులు

టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ చాలా కుటుంబాలకు సరిపోతుంది. క్రెటాలో అది 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 144 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే లాగే బలాన్ని, ఇస్తుంది. ఎలివేట్‌లో 121 పీఎస్, 145 న్యూటన్ మీటర్లు. నిర్మాణం సులువైనది కాబట్టి, పొట్టి ప్రయాణాలనూ ఆలస్యపు సర్వీసులనూ ఉన్నవాటిలో ఇదే ఎక్కువగా ఓర్చుకుంటుంది. ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని, ఏసీతో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం గేరు తగ్గించక తప్పదు, ఇంజిన్ కాస్త అరుస్తుంది. ఏడాదికి రెండుసార్లు వినిపించే ఆ అరుపును తప్పించుకోవడం కోసం లక్షలు ఎక్కువ పెట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

టర్బో పెట్రోలు నడపడానికి హాయిగా ఉంటుంది. క్రెటా 1.5 టర్బోలో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు ఉన్నాయి. కుషాక్, టైగన్‌లలో 1.5 టీఎస్‌ఐ ఇంజిన్ 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అయితే నగరపు ట్రాఫిక్‌లో మైలేజీ బాగా పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్ విషయంలో ఏ రాజీనీ ఈ ఇంజిన్ సహించదు. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి చేరే అవకాశం కూడా ఎక్కువ.

గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో దొరికే స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో నడిచే మోటారు ఉన్నది) మూడో దారి. ఏఆర్‌ఏఐ అనే వాహన పరీక్ష సంస్థ లెక్క ప్రకారం దాని మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు, రోడ్డు మీద అంత రాకపోయినా, ఆగుతూ సాగుతూ వెళ్లే ట్రాఫిక్‌లో దీనికి సాటి వచ్చే మామూలు పెట్రోలు బండి ఈ తరగతిలో లేదు. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ చార్జ్ అవుతుంది కాబట్టి, మిగతా ఇంజిన్లను అలసటపెట్టే అమీర్‌పేట ట్రాఫిక్ దీనికి అనుకూలం. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బ్యాటరీ చోటు తీసుకోవడం వల్ల డిక్కీ చిన్నదవుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు పచ్చడి జాడీలు, బియ్యం బస్తా వేసుకొచ్చే అలవాటున్నవారు కొనే ముందే డిక్కీ తెరిచి చూసుకోవాలి.

గేర్‌బాక్స్ గురించి ఒక మాట. డ్రై క్లచ్‌తో (చల్లబరిచే ఆయిల్ లేని క్లచ్‌తో) పనిచేసే డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, గేర్‌బాక్సులు వేగంగా గేరు మారుస్తాయి గానీ, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో క్లచ్‌లు వేడెక్కుతాయి. ఫ్లైఓవర్ ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు వీటికి శత్రువు. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచేది), టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ద్రవంతో శక్తిని అందించేది) అనే ఆటోమేటిక్ రకాలు ఆ ఇబ్బందిని బాగా తట్టుకుంటాయి. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకుండా ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసి, ఒక ఎత్తైన రోడ్డు మీద ఆపి మళ్లీ కదిలించి చూస్తే ఇంజిన్, గేర్‌బాక్సుల పొత్తు ఎలా ఉందో అర్థమవుతుంది.

ఆయిల్: మొదటి శ్రద్ధ ఇక్కడే

సర్వీస్ పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటే, రెండింటిలో ఏది ముందు వస్తే అదని అర్థం. ఏడాదిలో 4,000 కిలోమీటర్లే తిరిగినా ఆయిల్ మార్చాలి. అదే పుస్తకంలో కఠిన పరిస్థితుల పట్టిక కూడా ఉంటుంది. దుమ్ము, ఎండ, పొట్టి ప్రయాణాలు, ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఐడ్లింగ్ (ఇంజిన్ ఆపకుండా నిలబడటం) వంటివన్నీ అందులో ఉంటాయి. మన ఊళ్లలో తిరిగే బండ్లలో చాలావరకు ఆ పట్టికలోకే వస్తాయి. టర్బో పెట్రోలు, డీజిల్ బండ్లకు నగరంలో ఆ పట్టికనే పాటించడం మంచిది. పుస్తకంలో రాసిన గ్రేడ్ (ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే గుర్తు) 0డబ్ల్యూ-20 అయితే అదే పోయించాలి. ఎండాకాలం కదా అని మెకానిక్ చిక్కటి ఆయిల్ పోస్తానంటే వద్దనండి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి.

నెలకోసారి ఆయిల్‌ను స్వయంగా చూసుకోవడం కష్టమైన పని కాదు. బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ బయటికి లాగి పాత నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, దానికి కంగారు పడనవసరం లేదు. కంగారు పడాల్సింది మట్టం పై గుర్తును దాటి పెరిగినప్పుడు. డీపీఎఫ్‌ను శుభ్రం చేసే ప్రయత్నం మాటిమాటికీ సగంలో ఆగిపోతుంటే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. పుల్లను వాసన చూస్తే డీజిల్ ఘాటు తెలుస్తుంది. పల్చబడిన ఆ ఆయిల్‌తో నడిపితే టర్బో, బేరింగులు దెబ్బతింటాయి. వెంటనే ఆయిల్ మార్పించి, డీపీఎఫ్ పరిస్థితిని స్కానర్‌తో చూపించాలి.

మిగతా పనులు

కూలెంట్ మట్టాన్ని ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది. తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే కలపాలి; బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు రేడియేటర్‌లో గారలా పేరుకుంటాయి. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే బండికి ఇది చిన్న విషయం కాదు.

టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. నిండు కుటుంబంతో వెళ్లేటప్పటి అంకె వేరుగా ఉంటుంది, దానిని చూసి కొట్టించుకోవాలి. పది వేల కిలోమీటర్లకోసారి టైర్లను ముందువి వెనక్కి మార్పించి, అలైన్‌మెంట్ చూపించండి. కొత్త టైరు కొనేటప్పుడు దాని పక్కన ఉన్న నాలుగు అంకెలు చదవండి: 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీలో గాలిని అందరూ మరిచిపోతారు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి. తిరుమల నుంచి దిగేటప్పుడు, శ్రీశైలం ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా రెండో గేరులో ఇంజిన్ పట్టుతోనే దిగండి. ఆటోమేటిక్‌లోనూ మాన్యువల్ మోడ్ అందుకే ఉంది. తేమ చేరిన బ్రేక్ ఆయిల్ అలాంటి చోట్ల మరిగి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

ఏసీ ఫిల్టర్ చాలా బండ్లలో గ్లోవ్‌బాక్స్ వెనుకే ఉంటుంది. మెకానిక్ అవసరం లేకుండానే విప్పి మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలైంది. పొగాకు కాడలు పెట్టేవారున్నారు గానీ, వారానికోసారి బానెట్ తెరిచి చూడటాన్ని మించిన మందు నాకు కనిపించలేదు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు బండి అయితే, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు గురించి పుస్తకం ఏమంటుందో ఒకసారి చదవండి.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు అందులోని ప్రతి వరుసా చదవాలి. డీకార్బనైజేషన్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, ఇంజిన్ కోటింగ్ వంటి పేర్లు అక్కడ తరచూ కనిపిస్తాయి. సర్వీస్ పట్టికలో లేనిదీ, మీరు ఫిర్యాదు చేయనిదీ అయితే గీత కొట్టించండి. అందువల్ల వారంటీ పోదు. ప్రతి బిల్లునూ దాచుకుంటే అమ్మేటప్పుడు ఉపయోగపడుతుంది.

వరద నీటి సంగతి విడిగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నిలువునా మునిగాయి. ఎత్తైన బండి కదా అని ఎస్‌యూవీ యజమానులు నీళ్లలోకి దించుతారు. చక్రంలో సగం దాటిన నీటిలోకి ఏ బండినీ దించకూడదు. నీళ్లలో ఆగిపోయినా, మునిగి తేలినా మళ్లీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్ రాడ్డు వంగిపోతుంది. అలా స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టానికి మామూలు సమగ్ర బీమా వర్తించకపోవచ్చు. అందుకే పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్‌ను కలుపుకోవాలి. నీరు తీశాక చేయాల్సినది బ్యాటరీ తీగ విప్పడం, నీటి మరక ఎంత ఎత్తున ఉందో ఫొటోలు తీయడం, బీమా కంపెనీకి తెలియజేసి బండిని లారీ మీదకెక్కించి సర్వీస్ సెంటర్‌కు పంపడం.