కొండ భాషల మాటలు రాసుకునే పద్ధతి: రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల తెలుగువాళ్లకు

మన సంతల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి భాషలు రెండు వేర్వేరు కుటుంబాలవి కావచ్చు. కువి, కుయి, పెంగో, కోయ ద్రావిడ భాషలు. తెలుగుకు దగ్గరి చుట్టాలు. సవర, బోండా, దిదాయి ముండా కుటుంబానివి. గదబల సంగతి ఇంకా చిత్రం: కొందరు గుతోబ్ అనే ముండా భాష మాట్లాడతారు, కొందరు ఒల్లారి అనే ద్రావిడ భాష. అందుకే నోటుపుస్తకం మొదటి పేజీలో తెగ పేరు రాసి ఊరుకోకండి. ఊరు, ఇంట్లో మాట్లాడే భాష, చెప్పే మనిషి వయసు, తల్లి పుట్టినూరు కూడా రాయండి. తల్లి వేరే ఊరి నుంచి వస్తే కొన్ని మాటలు ఆ ఊరివై ఉంటాయి. అది తెలియకపోతే తర్వాత ఏ మాట ఎక్కడిదో తేల్చలేం.

పనిరోజుల్లో వెళ్లకండి. విత్తనం, కోత రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు, పండగలో ఎవరూ కుదురుగా కూర్చోరు. రోజంతా కూర్చోబెడితే ఆ రోజు కూలి ఇవ్వాలి. దీన్ని సాయం అనుకోవద్దు, అది వాళ్ల హక్కు. ఎందుకు రికార్డు చేస్తున్నామో, ఎవరు వింటారో ముందే చెప్పి, వాళ్ల ఒప్పుకోలు వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. ఇద్దర్ని కలిపి కూర్చోబెడితే మంచిది. ఒకరు తడబడితే ఇంకొకరు సరిచేస్తారు. పెద్దవాళ్లకు పాత మాటలు తెలుసు గాని పళ్లు ఊడిపోతే త, ద, స పలుకులు మారతాయి. కాబట్టి పక్కన పళ్లున్న మనిషి ఉండాలి.

ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడు ఊపిరి మైకుకు కొడుతుంది. రికార్డింగు యాప్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ ఎంచుకోండి. వాట్సాప్ వాయిస్ పనికిరాదు, సన్నటి పలుకుల్ని నలిపేస్తుంది. రేకుల కప్పు కింద వానలో రికార్డు చేయొద్దు. ప్రతి మాటా మూడుసార్లు చెప్పించండి. మొదటిసారి సాధారణంగా ప్రశ్న స్వరంలోనో మరీ నెమ్మదిగానో వస్తుంది, రెండోదే నమ్మదగ్గది.

ఎక్కువగా చెడిపోయేది అడిగే తీరులోనే. సంతల్లో అందరూ కలిసి మాట్లాడుకునే ఒడియా యాస దేశియా. అందులో అడిగితే సగం దేశియా మాటలే తిరిగొస్తాయి. వస్తువు చేతికిచ్చి అడగడం మేలు. అందులోనూ ఒక చిక్కుంది: ఆకు చూపిస్తే చెట్టు పేరు చెబుతారు, చెయ్యి చూపిస్తే వేలి పేరు రావచ్చు. మూడు వేర్వేరు చెట్ల ఆకులు చూపించి, మూడింటికీ ఒకే మాట వస్తేనే అది ‘ఆకు’ అని రాసుకోండి.

కువి, కుయి దగ్గర తెలుగువాడికి పెద్ద వాటం ఉంది. మేము, మనం తేడా వాటిలోనూ ఉంది. ఒడియాలో అడిగితే ఆ తేడా బయటికి రాకపోవచ్చు. మగవాడికి ఒక రూపం, ఆడమనిషికీ వస్తువుకూ ఇంకో రూపం ఉండటమూ మన ‘వాడు’, ‘అది’ లాంటిదే. మనకు లేనిదొకటి మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి: చూసింది నన్నో నిన్నో అయితే క్రియ ఒక రకం, వాణ్ణి అయితే ఇంకో రకం. పెంగోలోనూ అంతే. అందుకని ‘వాడు నన్ను చూశాడు’, ‘వాడు వాణ్ణి చూశాడు’ విడివిడిగా అడగండి.

సవరలో అంకెలు పది దగ్గర ఆపితే అసలు సంగతి పోతుంది. చిక్కుడు గింజలు పోసి నలభై దాకా లెక్కపెట్టించండి. పన్నెండు ‘మిగెల్’, పదమూడు ‘పన్నెండూ ఒకటి’. ఇరవై దాటాక ఇరవై మీద లెక్క నడుస్తుంది, ముప్ఫైమూడు అంటే ‘ఇరవై, పన్నెండు, ఒకటి’. ఎంత అందమైన కట్టడమో చూడండి! పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి ఆ భాషకు వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును 1938లో వెలువరించారు. గుణుపురం వైపు వెళ్లేవాళ్లు ముందు వాటిని తిరగేస్తే, ఇప్పటి మాట ఎక్కడ మారిందో పోల్చుకోవచ్చు.

రాయడానికి తెలుగు లిపి బాగా సరిపోతుంది. ఎ, ఏ, ఒ, ఓ తేడా ఒడియా లిపిలో చూపలేం. ముండా భాషల్లో గొంతు ఠక్కున మూసుకునే పలుకుకు మాత్రం మన దగ్గర అక్షరం లేదు. గుతోబ్‌లో నీళ్లను ‘డా’ అంటారు, చివర గొంతు ఆగుతుంది. అక్కడ పైన కామాలాంటి ఒక గుర్తు పెట్టుకుని పుస్తకమంతా అదే వాడండి: డా’. ఆ గుర్తు వదిలేస్తే వేరే మాట అయిపోవచ్చు. సవరలకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది. అది తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల చేతే పక్కన రాయించండి.

పూజ మంత్రాలు, చనిపోయినవాళ్ల పాటలు వాళ్లుగా ఇస్తే తప్ప అడగకండి. ఇచ్చినా ఇంటర్నెట్‌లో పెట్టకండి. ఫైలు పేరులో భాష, ఊరు, తేదీ ఉండాలి. అదే రాత్రి రెండో మెమొరీ కార్డులోకి కాపీ తీయండి. నెల లోపు మాటల జాబితాను అచ్చువేసి, ఒడియా లిపిలో కూడా రాసి, చెప్పినవాళ్లకు ఒకటి, ఊరి బడికి ఒకటి ఇవ్వండి. తప్పులుంటే పిల్లలే ముందు పట్టుకుంటారు. అవి దిద్దుకున్నాకే జాబితాను బయటికి పంపండి.