బక్కెట్టు, మగ్గు, బోఫోర్: గ్రీకు దీవికి మనవాళ్ళు వస్తే ఏం చెయ్యాలి

మేం గ్రీసులోని నాక్సోస్ దీవిలో ఉండబట్టి ఇది నాలుగో ఏడు. మా రెండు గదుల ఇంటికి ఇప్పటికి పదకొండు జట్లు వచ్చి వెళ్ళాయి. మొదటి జట్టు నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు. ఆగస్టు నెల. గుత్తి వంకాయ చేశాను, దుప్పట్లు ఇస్త్రీ చేసి మరీ పరిచాను, వారం రోజులు దీవంతా తిప్పాను. తీరా వెళ్ళాల్సిన రోజు గాలి లేచి ఓడలు ఆగిపోయాయి. ఏథెన్స్‌లో విమానం వాళ్ళు లేకుండానే ఎగిరిపోయింది. నాలుగు టికెట్లు. ఆ డబ్బు సంగతి ఇప్పటికీ మేమిద్దరం ఎత్తం.

అందుకే దీవిలో కొత్తగా కాపురం పెట్టి "రండి రండి" అని అందర్నీ పిలిచేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. వంట సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు తేదీలు చూడండి.

ఎప్పుడు రమ్మనాలి

జూలై, ఆగస్టుల్లో మా చుట్టూ ఉన్న ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్తెమి అంటారు. నేను కోనసీమ పిల్లని. నాకు తెలిసిన పెద్దగాలి మబ్బుతో, వానతో, రేడియో హెచ్చరికతో వస్తుంది. ఇది అలా కాదు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్ళున కాస్తుంటుంది, అయినా ఓడ రాదు. చుట్టాలకి ఎంత చెప్పినా నమ్మరు. "ఇంత బాగుంటే ఎందుకు ఆపారే?" అని నన్నే నిలదీస్తారు.

ఇక్కడ గాలిని బోఫోర్లలో లెక్కిస్తారు. ఎనిమిది బోఫోర్లకి చేరితే మామూలుగా పెద్ద ఓడల్ని కూడా పోర్టులో కట్టేస్తారు. ఈ నిషేధం పేరు అపగోరెఫ్తికో. నోరు తిరక్కపోయినా ఈ మాట నేర్చుకోండి, వేసవంతా కాఫీ కొట్లో వినబడేది ఇదే. వేగంగా పోయే చిన్న పడవలు అంతకంటే ముందే ఆగిపోతాయి. రద్దయిన ఓడ టికెట్టు డబ్బు వెనక్కి ఇస్తారు, లేదంటే తర్వాతి ఓడలో ఎక్కిస్తారు. విమానం వాళ్ళకి మాత్రం మన గాలి గొడవ అక్కర్లేదు. కాబట్టి వచ్చేవాళ్ళు తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి ఏథెన్స్‌లోనే పడుకోవాలి. ఆగస్టులో అయితే రెండు రాత్రులు. ఈ విషయంలో నేను మొహమాటపడను. ఒప్పుకోకపోతే రావద్దంటాను.

మన బళ్ళ సెలవుల్ని బట్టి చూస్తే మేలో వచ్చేవాళ్ళే ఎక్కువ. మే మంచిదే. కొండలు పచ్చగా ఉంటాయి, గాలి నెమ్మదిగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. నీళ్ళు మాత్రం చల్లగా ఉంటాయి, పిల్లలు మోకాళ్ళ దాకా దిగి కెవ్వుమని వెనక్కి పరిగెత్తుతారు. నన్నడిగితే దసరా సెలవులకి సాటి లేదు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగా ఉంటుంది, జనం తగ్గిపోతారు. ఆగస్టు 15 చుట్టుపక్కల మాత్రం ఎవర్నీ పిలవకండి. ఆ రోజు మేరీ మాత పండగ. ఏథెన్స్ సగం దీవుల మీదకి దిగుతుంది, ఓడలో నిలబడడానికి కూడా చోటుండదు. ఆర్థొడాక్స్ ఈస్టరప్పుడూ అంతే. ఆ ఈస్టరు తేదీ చాలా ఏళ్ళు మన క్యాలెండర్లో ఉండే ఈస్టరుతో కలవదు, వేరేగా చూసుకోవాలి.

వీసా పని వాళ్ళది. అయినా గుర్తు చెయ్యాల్సింది మీరే. గ్రీసుతోపాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకి తగ్గకుండా ప్రయాణ బీమా ఉండాలి. ఇటలీ, గ్రీసు కలిపి చుట్టేద్దామనుకునేవాళ్ళు ఎక్కువ రోజులుండే దేశానికే అర్జీ పెట్టాలి. ఆహ్వానపత్రం నేను రాసి, కెప్ అనే పౌరసేవా కేంద్రంలో సంతకం ధ్రువీకరించి పంపుతాను. పది నిమిషాల పని, వరస ఉంటే గంట.

ఏథెన్స్ నుంచి ఇంటిదాకా

విమానాశ్రయంలో దిగాక పిరేయస్ రేవుకి మూడో లైను మెట్రో 2022 నుంచి నేరుగా వెళ్తోంది. టికెట్టు 9 యూరోలు, గంట ప్రయాణం. అర్ధరాత్రి దిగేవాళ్ళకి ఎక్స్96 బస్సు ఉంది, అది రాత్రంతా తిరుగుతుంది. పిరేయస్ చాలా పెద్ద రేవు. ఓడ ఏ గేటు దగ్గర ఆగుతుందో ముందే మెసేజ్ పెట్టండి, లేకపోతే పెట్టెలు ఈడ్చుకుంటూ రేవు చుట్టూ ప్రదక్షిణలు చెయ్యాలి.

పెద్ద, నిదానపు ఓడే ఎక్కమనండి. ఐదు గంటలు దాటుతుంది గానీ కడుపులో తిప్పదు, డెక్కు మీద కూర్చుని పులిహోర తినొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి. చాలా ఓడలు నాక్సోస్ కంటే ముందు పక్క దీవి పారోస్‌లో ఆగుతాయి. మా తమ్ముడి స్నేహితుడొకడు నిద్రమత్తులో "దీవొచ్చింది" అని పారోస్‌లో దిగేసి, "అక్కా, రేవులో ఉన్నాను, మీరు కనపడ్డం లేదు" అని ఫోను చేశాడు. ఓడ రేవులో ఆగేది కొద్ది నిమిషాలే. కాబట్టి నాక్సోస్ పేరు పిలవగానే పెట్టెలతో కింద గరాజు దగ్గరికి దిగి నిలబడాలి. మీరు మాత్రం గంట ముందెళ్ళి రేవులో ఎండకి మాడకండి. మెరైన్‌ట్రాఫిక్ అనే యాప్‌లో ఓడ ఎక్కడుందో చూసుకుని, అది కనుచూపు మేరకి వచ్చాక బయల్దేరితే చాలు.

చిన్న విమానం కూడా ఉంది, నలభై నిమిషాల్లో దింపుతుంది. కానీ మనవాళ్ళ ఇరవై మూడేసి కిలోల పెట్టెలకి అది సరిపడదు.

ఏం తెమ్మనాలి, ఏం వద్దనాలి

"ఏం తేనే?" అని అడుగుతారు. సిగ్గుపడకుండా జాబితా పంపండి. నా జాబితాలో కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ, అప్పడాలు, చింతపండు, ఇంగువ ఉంటాయి. వద్దనేవి గట్టిగా చెప్పాలి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురాకూడదు. అంటే అత్తగారి నెయ్యి సీసా, పాలకోవా రావు. పచ్చి ఆకులు, పళ్ళు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు అక్కడే ఆగిపోతాయి. అరటి, అనాస, ఖర్జూరం, దురియన్, కొబ్బరికాయ, ఈ ఐదింటికే మినహాయింపు. కొబ్బరికాయ ఉందని తెలిసిన రోజున అమలాపురంలో మా అమ్మ పొంగిపోయింది. పోయినసారి వచ్చిన వదినగారి పెట్టెలో సగం అవే.

నెయ్యికి దిగులు లేదు. నాక్సోస్ ఆవుల దీవి, ఇక్కడి వెన్న కాస్తే ఇల్లంతా ఘుమఘుమ. మిగతా సరుకులు అయిపోతే ఏథెన్స్ వెళ్ళినప్పుడు ఒమోనియా దగ్గర మెనాండ్రు వీధిలో కొనుక్కుంటాను. అక్కడ మన ఉపఖండం కొట్లు వరసగా ఉంటాయి.

ఇంట్లో

బక్కెట్టు, మగ్గు ముందే కొనిపెట్టండి. ఇక్కడి స్నానాలగదిలో చేతి షవరు ఉంటుంది గానీ టాయిలెట్ పక్కన జెట్ ఉండదు. మొదటి జట్టుకి నేను మొక్కలకి నీళ్ళు పోసే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాను. వాళ్ళ చిన్నాడు ఇప్పటికీ గ్రీసు అంటే ఆ డబ్బానే తలుచుకుంటాడు. కాగితం వాడేవాళ్ళు దాన్ని టాయిలెట్లో వెయ్యకూడదు, పక్కన బుట్టలో వెయ్యాలి. గొట్టాలు సన్నవి, పూడుకుపోతాయి. ఈ మాట నోటితో చెప్పడం ఇబ్బందిగా ఉంటుందని తెలుగులో రాసి గోడకి అంటించాను.

వేడినీళ్ళు మేడ మీది సోలార్ ట్యాంకువే. సాయంత్రం నలుగురూ వరసగా పోసుకుంటే ఐదోవాళ్ళకి చన్నీళ్ళే మిగులుతాయి. నీళ్ళ విషయంలో ఇంకో మాట. 2024 వేసవిలో ఈ దీవి జలాశయాలు అడుగంటాయి, బంగాళాదుంప రైతులు పడ్డ బాధ కళ్ళారా చూశాను. మా ఇంట్లో కుళాయి నీళ్ళు తాగం, కానీ ఊరికే వదలం కూడా. పది బక్కెట్ల స్నానాలు వద్దని మొదటి రోజే చెప్తాను.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా వేసవిలో నిశ్శబ్ద సమయం. మెసిమేరి అంటారు. అది మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా. చిక్కేంటంటే వేసవిలో మనకంటే ఇండియా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ మూడైతే అక్కడ ఐదున్నర, టీలు తాగి అందరూ వీడియో కాల్ చేసే వేళ. "అమ్మా, వినపడుతోందా?" అని మా వరండాలోంచి అరిచిన అరుపుకి కింద ఇంటి కిరియా, అంటే ఆవిడగారు, కిటికీ తలుపు ధడాల్న వేసింది. మర్నాడు రెండు కొబ్బరి లడ్డూలు పట్టుకెళ్ళాను. ఆవిడ డజను గుడ్లు, సంచీడు నిమ్మకాయలు పంపింది. ఇప్పుడు ఏ జట్టు వచ్చినా ముందు ఆవిడకి పరిచయం చేస్తాను, ఫోన్లు లోపలి గదిలో మాట్లాడమంటాను.

తిండి

రోజుకి ఒక్కపూటే నేను వండుతాను, అదీ రాత్రి. వారం రోజులు వంటింట్లో నిలబడితే వచ్చినవాళ్ళతో మాట్లాడేదెప్పుడు? బయట శాకాహారులకి లోటు లేదు, అడగడం తెలియాలంతే. ఫావా అంటే పసుపు పప్పు మెత్తగా ఉడికించి నూనె, ఉల్లిపాయ వేసిచ్చేది, మన ముద్దపప్పుకి దగ్గర చుట్టం. వ్లీతా తెమ్మంటే ఉడికించిన తోటకూర వస్తుంది, అచ్చం మన తోటకూరే. మా మావయ్యగారు దాని మీద నిమ్మకాయ పిండుకుని, పెట్టెలోంచి తీసిన కందిపొడి చల్లుకుని తిన్నారు. హోటలాయన వచ్చి రుచి చూసి, పొడి పేరు రాసుకున్నాడు. యెమిస్తా అంటే అన్నం కూరిన టమాటాలు. వాటిలో ఒక్కోసారి ఖీమా ఉంటుంది, కాబట్టి "హోరిస్ కిమా" అనాలి. కిమా అంటే మన ఖీమానే. నిస్తీసిమో అంటే ఉపవాసపు వంట, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అది చూసి మురిసిపోకండి, ఆక్టోపస్, రొయ్యలు ఉండొచ్చు. ఇక్కడి ఉపవాసానికి అవి అడ్డం కాదు.

ఇంట్లో చేసేటప్పుడు నాక్సోస్ బంగాళాదుంపల వేపుడు తప్పకుండా పెట్టండి. ఇక్కడి పెరుగు గట్టిది. సగానికి సగం నీళ్ళు కలిపితేగాని పెరుగన్నానికి పనికిరాదు.

బయటికి పంపేముందు మూడు జాగ్రత్తలు

ఇక్కడ "నే" అంటే అవును. హైదరాబాదు చెవికి అది "నై" లాగే వినపడుతుంది. "ఓహి" అంటే కాదు, మనకి "ఓకే" లా వినపడుతుంది. ఈ రెండు మాటలతో గదులు, టాక్సీలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. రెండోది, ఐదు వేళ్ళూ చాచి అరచెయ్యి ఎదుటివాళ్ళ వైపు చూపించకూడదు, అది పెద్ద తిట్టు. మా ఆయన స్నేహితుడు ఐదు కాఫీలని అలాగే చూపించాడు. ఆ కుర్రాడు మొహం ముడుచుకుని వెళ్ళి నాలుగే తెచ్చాడు. మూడోది బండి. అద్దెకి తీసుకోవాలంటే మన లైసెన్సుతోపాటు ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మోటారు సైకిల్‌లా ఎక్కి కూర్చునే నాలుగు చక్రాల క్వాడ్ బైకుల్ని ఇక్కడ గురూనా, అంటే పంది, అంటారు. కొండ మలుపుల్లో వాటిని నేను నమ్మను, చుట్టాలకి ఇప్పించను.

ఇక తిప్పడం. నాకు ఉద్యోగం ఉంది, వాళ్ళకి సెలవు. ఈ తేడా మొదటి రోజే చెప్పాలి. తాళంచెవి ఇచ్చి, రేవు పక్కనుంచి బస్సులు బయల్దేరే చోటు చూపించి వదిలేస్తాను. ఈత రానివాళ్ళకి ఊళ్ళోనే ఉన్న అయ్యోస్ యోర్గియోస్ బీచి చాలు, చాలా దూరం దాకా నడుము లోతే. రాళ్ళ దగ్గర సముద్రపు ముళ్ళకాయలు, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్లు, ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకోమనండి. సాయంత్రం పోర్తారాకి వెళ్ళమంటాను. రెండున్నర వేల ఏళ్ళ కిందట మొదలుపెట్టి వదిలేసిన గుడికి మిగిలిన పాలరాతి ద్వారం అది. పొద్దుగూకే వేళ అక్కడ ఎవరూ నా అవసరం అడగరు.

నేను వెంట వెళ్ళేది రెండు రోజులే. ఒకటి గాలి రోజు. సముద్రం పనికిరాదు కాబట్టి కొండ మీదికి: హల్కీలో నిమ్మజాతి ఆకులతో చేసే కీత్రో సారా బట్టీ, అపీరాంథోస్‌లో పాలరాయి పరిచిన సందులు, దారిలో సాంగ్రి దగ్గర దెమెతెర్ గుడి. దెమెతెర్ పంటల తల్లి, చుట్టూ ఇప్పటికీ పొలాలే. మా అత్తగారు అక్కడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. రెండోది అపోలోనాస్, క్వారీలోనే చెక్కుతూ చెక్కుతూ వదిలేసిన పది మీటర్ల పైచిలుకు విగ్రహం వెల్లకిలా పడుకుని ఉంటుంది. పిల్లలు దాన్ని కుంభకర్ణుడంటారు.

వెళ్ళేటప్పుడు ఆలివ్ నూనె, గ్రావ్యేరా అనే చీజ్ కట్టిస్తాను. నూనె డబ్బా మూతకి టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి, పాత టవల్లో కట్టి, చెక్-ఇన్ పెట్టెలో మధ్యన పెట్టాలి. చేతిసంచీలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు. టవల్ వెనక్కి పంపనక్కర్లేదని ముందే చెప్పండి, లేకపోతే వచ్చే జట్టు చేత ఉతికి పంపిస్తారు.