వరంగల్ చుట్టుపక్కల పాత కోటలు, గుళ్లు మ్యాపుల్లో ఎట్లా పట్టుకోవాలి

ఘనపూర్ అని మ్యాపులో కొట్టి బండి స్టార్ట్ చేశారా, మీ ఆదివారం పోయినట్టే. మా దోస్తు ఒకడు కోటగుళ్లు చూద్దామని పిల్లల్ని ఎక్కించుకుని పోయి పోయి స్టేషన్ ఘనపూర్‌లో తేలాడు. కోటగుళ్లున్నది భూపాలపల్లి దిక్కు ఘనపూర్‌లో, అంటే హన్మకొండ నుంచి పూర్తిగా అవతలి వైపు. అందుకే నేనెప్పుడూ చెప్పేది, మ్యాపులో పేరు వెతకడం తర్వాత, ముందు ఆకారం చూడటం నేర్చుకోండి.

ఇంట్లో కూర్చునే చేయి తిరగడానికి వరంగల్ కోటను మించింది లేదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి (ఫోన్లో కూడా వస్తుంది గానీ మన వేలే సగం కోటను కప్పేస్తుంది) కోట లోపలున్న ఖుష్ మహల్ పేరు కొట్టి వెతకండి. తర్వాత మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే ఇళ్లు, పొలాల మధ్య ఒక గుండ్రటి గీత తేలుతుంది, అది రాతి గోడ. దాన్ని ఆనుకుని ముదురు రంగులో కనిపించేది కందకం. ఇంకా వెనక్కి జరిపితే దానికి బయట చెట్లూ చేమలూ కమ్మేసిన మరో వలయం, అది మట్టి కోట. స్కేలు గుర్తు నొక్కి కొలవండి, రాతి గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టి కోట దానికి రెట్టింపు. దర్వాజాల దగ్గర జూమ్ చేస్తే తోవ సూటిగా లోపలికి పోదు, మెలిక తిరుగుతుంది, శత్రువు ఒక్క ఊపున దూసుకురాకుండా కట్టిన పద్ధతి అది. ఈ మెలిక ఒకసారి కంటికి అలవాటైతే వేరే కోటల్లోనూ పాత దర్వాజా ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

మధ్యలో ఉన్న కీర్తి తోరణాలు, అంటే ఆ రాతి ద్వారాలు మాత్రం పైనుంచి చూస్తే ఏమీ ఉండవు, నాలుగు సన్నటి గీతలు, అంతే. వాటి నీడ చూడండి. ఉపగ్రహాల ఫోటోలు ఎక్కువగా పొద్దున పది పదకొండు మధ్య తీసినవే కాబట్టి నీడ పడమర దిక్కుకు పడుతుంది, ఆ నీడలో స్తంభాలు, పైన అడ్డంగా ఉన్న దూలం కనిపిస్తాయి. బురుజులను, ధ్వజస్తంభాలను, నిలువు రాళ్లను ఇట్లాగే నీడతోనే పట్టుకోవాలి.

ఇంకో కిటుకు, పాత తేదీల ఫోటోలు. గూగుల్ ఎర్త్‌లో గడియారం గుర్తు నొక్కితే సంవత్సరాలు వెనక్కి జరపొచ్చు. వానాకాలం ఫోటో దేనికీ పనికిరాదు, అంతా పచ్చగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలలవి ఏరుకోండి, ఆకు రాలి, చెరువులు ఎండి, కట్టల కింద పాత గోడల జాడలు బయటపడతాయి. శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల దగ్గరైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఎల్లంపల్లి ప్రాజెక్టు బ్యాక్‌వాటర్ రాకముందు గోదావరి ఒడ్డు ఎట్లుండేదో పాత ఫోటోల్లోనే చూడాలి.

ఆకారం అయ్యాక పేర్లు. జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేసే ఓవర్‌పాస్ టర్బో అని ఒక సైట్ ఉంది. మీకు కావలసిన ప్రాంతం స్క్రీన్ మీద పెట్టుకుని, విజార్డ్ డబ్బాలో ఇంగ్లిష్‌లో హిస్టారిక్ అని కొట్టి, ఈక్వల్ గుర్తు, స్టార్ గుర్తు పెట్టి (historic=*) నడిపిస్తే, కోట, శాసనం, శిథిలం అని ఎవరెవరో గుర్తించినవన్నీ చుక్కలుగా వస్తాయి. చుక్క లేదంటే అక్కడేమీ లేదని కాదు, ఎవరూ ఎక్కించలేదని. యునెస్కో సైట్‌లో ఉన్న మ్యాపు చూస్తే తెలంగాణ మొత్తానికి ఒకే చుక్క, 2021లో చేరిన మన రామప్ప. ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎట్లా?

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు మ్యాపు షీట్లు కూడా లాగిన్ చేసుకుని దింపుకోండి, వాటిలో గుట్టల పేర్లు, పాత కోటలు, గుళ్లు ఓపికగా రాసి ఉంటాయి. పాత నంబర్లలో వరంగల్ కోట ఒక షీట్‌లో, వేయిస్తంభాల గుడి ఇంకో షీట్‌లో పడతాయి, రెండింటి మధ్య నుంచి 18 డిగ్రీల అక్షాంశం పోతుంది మరి. ఒకటే దింపి గుడి లేదేందని గింజుకోకండి.

పేర్లు చదివేటప్పుడు కోటగడ్డ, గడి, పాటిగడ్డ లాంటి మాటల దగ్గర ఆగండి. పాటిగడ్డ అంటే పాత ఊరు పోయిన చోటు, అక్కడి పాటిమన్ను రైతులు పొలాలకు తోలుకుంటారు, పైనుంచి చూస్తే చుట్టూ ఉన్న నేల కన్నా బూడిద రంగులో కనిపిస్తుంది చాలాసార్లు. రాకాసి గుళ్లు అని ఎవరన్నా చెప్తే ఆదిమానవుల సమాధులని అర్థం, తాడ్వాయి దగ్గర దామరవాయిలో ఉన్నట్టు.

బయల్దేరే ముందు ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకోండి, తాడ్వాయి అడవిలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. లొకేషన్ అంకెలు రాసుకుంటే 18 లాంటి చిన్న అంకె (అక్షాంశం) ముందు, 79 లాంటి పెద్దది (రేఖాంశం) తర్వాత. తారుమారు చేస్తే మ్యాపు మిమ్మల్ని ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులోకి తీసుకుపోతుంది, నవ్వుకోండి గానీ నేను రెండుసార్లు పోయొచ్చాను.

ఇల్లు కట్టుకునేవాళ్లకు కూడా ఈ స్కేలు గుర్తు పనికొస్తుంది. కేంద్రం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకుని కట్టాలి. వేయిస్తంభాల గుడి దగ్గర ప్లాట్ కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందు ఒకసారి కొలిచి చూసుకోవాలి. మ్యాపు కొలత అంచనాకే, కాగితం అధికారులే ఇవ్వాలి.

ఎవరి కంటా పడని శాసనమో విగ్రహమో మీకు దొరికిందనుకోండి, లొకేషన్ తీసుకుపోయి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. గుప్తనిధులంటూ గడ్డపారలు పట్టుకుని తిరిగేవాళ్లూ ఆ పోస్టులు చూస్తారు, వారం తిరిగేలోపు అక్కడ గుంత ఉంటుంది. అక్షరాలు కనబడటానికి సుద్దముక్క రుద్దొద్దు, పొద్దు వాలుతున్నప్పుడు ఏటవాలు వెలుతురులో ఫోటో తీస్తే చాలు. రాష్ట్ర హెరిటేజ్ శాఖకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే ఫోటోలో దాగి ఉన్న లొకేషన్ దారిలోనే ఊడిపోతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉందో లేదో మాత్రం ఇంటి దగ్గరే చూసుకోండి.