వరసగా ఎంటర్లు కొట్టి పేజీ మార్చకండి

సరిచేసి పెట్టమని నా దగ్గరికి ఏ ఫైలు వచ్చినా, వర్డ్‌లో తెరవగానే కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కుతాను. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్10. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న పేజీ బండారం బయటపడుతుంది: స్పేస్ కొట్టిన ప్రతిచోటా చుక్క, ట్యాబ్‌కి బాణం, ఎంటర్‌కి తిరగేసిన పీ లాంటి గుర్తు. శీర్షికను మధ్యకి నెట్టడానికి బారెడు చుక్కలు, కొత్త అధ్యాయాన్ని కింది పేజీకి తొయ్యడానికి వరసగా ఎంటర్లు. పైన రెండు లైన్లు చేర్చారా, అధ్యాయం పేరు పేజీ సగంలోకి జారి కూర్చుంటుంది.

అచ్చులో వచ్చే రూపాన్ని తెర మీదే చూపించే ఎడిటర్లకు ఆద్యం 1974లో జిరాక్స్ కంపెనీ పరిశోధనాకేంద్రమైన పార్క్ (PARC)లో ఆల్టో కంప్యూటర్ కోసం రాసిన బ్రావో. దాన్ని రాసినవాళ్లలో ఒకరైన చార్లెస్ సిమోనీయే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో వర్డ్ పని నడిపించారు. కంటికి బాగుంటే చాలు, పనైపోయిందనిపించడం వీటితో అప్పటినుంచీ ఉన్న చిక్కే.

కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్. మధ్యకి తేవడానికి కంట్రోల్, ఈ. ఇవి చిన్నవి. అసలు పని స్టైల్స్‌తో, అంటే పేరు పెట్టి ఉంచిన రూపాలతో ఉంది. శీర్షికను సెలెక్ట్ చేసి బోల్డ్ చేసి, సైజు పెంచితే మీకు అది శీర్షికే, ఎడిటర్‌కి మాత్రం లావుపాటి అక్షరాలు. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కండి, రైటర్‌లో కంట్రోల్, 1. అది హెడింగ్ 1 అవుతుంది. రూపం నచ్చకపోతే శీర్షికల జోలికి వెళ్లకండి. స్టైల్ పేరు మీద రైట్‌క్లిక్ చేసి మోడిఫైలో (రైటర్‌లో ఎడిట్ స్టైల్) మార్చండి, అన్ని శీర్షికలూ ఒకేసారి మారతాయి. విషయసూచిక కూడా పేజీ నంబర్లతో సహా ఎడిటరే తయారుచేస్తుంది. ఆఖర్న అప్‌డేట్ చేయడం మాత్రం మీ పని.

రైటర్‌లో తెలుగు రాసేవాళ్లకి ఇంకో టెన్షన్: స్టైల్‌లో ఫాంట్ సైజు మార్చినా అక్షరాలు కదలవు. మీరు మార్చింది ఇంగ్లిష్‌ది. తెలుగు ఫాంట్, సైజు సీటీఎల్ లేదా కాంప్లెక్స్ అని ఉన్న భాగంలో విడిగా ఉంటాయి.

ఎక్కడినుంచో పేస్ట్ చేసిన ముక్క రంగులూ ఫాంట్లూ మోసుకొస్తే, దాన్ని సెలెక్ట్ చేసి వర్డ్‌లో కంట్రోల్, స్పేస్, రైటర్‌లో కంట్రోల్, ఎం నొక్కండి. మీరు కావాలని పెట్టుకున్న ఇటాలిక్స్ కూడా పోతాయి, చూసుకోండి. ఇతరులకు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. ఫైలు అలాగే పంపితే, మీ తెలుగు ఫాంట్ వాళ్ల కంప్యూటర్‌లో లేకపోతే లైన్లు, పేజీలు అన్నీ మారిపోతాయి.