సంక్రాంతికి అందరూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు: రాజకీయాల గొడవ లేకుండా పండగ వంట ఎలా చేయాలి?

2020 సంక్రాంతికి మా ఇంటి అరిసెలు ఎవరూ కొరకలేకపోయారు.

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారి ఇల్లు. పండక్కి తుళ్లూరు వైపు నుంచి బాబాయ్ వాళ్లు, కర్నూలు నుంచి అక్కా బావగారూ వస్తారు. బాబాయ్ 2015లో అమరావతి రాజధాని కోసం పొలం ఇచ్చిన రైతు. 2019 డిసెంబరులో అసెంబ్లీ అమరావతిలో, సచివాలయం విశాఖలో, హైకోర్టు కర్నూలులో అంటూ మూడు రాజధానుల మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన దీక్షా శిబిరంలోనే కూర్చునేవారు. బావగారి ఊరేమో 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, తర్వాత ఆ హోదా పోగొట్టుకున్న ఊరు. అక్కడికి హైకోర్టు వస్తుందంటే ఆయనకి సంతోషం. ఇద్దరూ హాల్లో, టీవీ ముందు. పొయ్యి మీద బెల్లం పాకం. గొంతులు పెరిగేసరికి అమ్మ గరిటె వదిలేసి సర్దిచెప్పడానికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పాకం ముదిరిపోయింది.

ఆ తర్వాతి పండగల్లో తప్పులు చేసి, దిద్దుకుని మేం నేర్చుకున్న పద్ధతి ఇది. మీ ఇంట్లో గొడవ రాజధాని గురించి కాకపోవచ్చు. పార్టీ గురించో, కులం గురించో, పథకాల గురించో అయినా పద్ధతి పనికొస్తుంది.

పది రోజుల ముందు: ఫోన్లు చేయండి

"ఈసారి ఎవరూ రాజకీయాలు మాట్లాడొద్దు" అని మాత్రం చెప్పకండి. 2021లో మేం ఆ పనే చేశాం. అందరూ బిగుసుకుపోయి కూర్చున్నారు. బాబాయ్ భోజనం చేసి, కనుమ దాకా ఉండకుండా మధ్యాహ్నమే బయల్దేరారు. పొలం ఇచ్చేసిన మనిషికి రాజధాని రాజకీయం కాదు, బతుకు. దాని గురించి మాట్లాడొద్దంటే తనని రావద్దన్నట్టే అనిపిస్తుంది.

దానికి బదులు, గట్టిగా వాదించే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేయండి. "బాబాయ్, నువ్వు అరిసెల రోజుకే వచ్చెయ్. నీతో తీరిగ్గా మాట్లాడాలి" అని నేనంటాను. బావగారికీ అదే చెబుతాను. ఇద్దరినీ అడిగేది ఒక్కటే: పొయ్యి మీద నూనె ఉన్నంతసేపూ, ఆకు ముందు కూర్చున్నంతసేపూ ఆ ప్రస్తావన వద్దు. అంత చిన్న కోరిక ఎవరూ కాదనరు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పార్టీల వీడియోలు ఆపమని ఇంట్లో పెద్దవాళ్ల చేత చెప్పించండి. చిన్నవాళ్లు చెబితే దానికి ఇంకో గొడవ.

నాలుగు రోజుల ముందు: అరిసెలు

పండగ మొత్తంలో నాకు ఎక్కువ నమ్మకం ఈ పని మీదే. అరిసెలు ఒక్కరితో అయ్యేవి కావు. పాకం తిప్పడానికి ఒకరు, పిండి పోయడానికి ఒకరు, తట్టడానికి ఒకరు, వేయించడానికి ఒకరు, నూనె ఒత్తడానికి ఒకరు కావాలి. గొడవపడే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఇంట్లో ఇంకోటి లేదు.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం తీసుకోండి. బియ్యం ముందురోజే నానబోసి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. మర్నాడు వడకట్టి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే మర పట్టించండి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూతపెట్టాలి, తడి ఆరితే అరిసె మెత్తగా రాదు.

బెల్లంలో గ్లాసుడు నీళ్లు పోసి, కరిగాక వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పక్కనే పళ్లెంలో చన్నీళ్లు ఉంచుకుని చుక్క పాకం వేసి చూడండి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, నొక్కితే వంగాలి. ఆ ఉండ పళ్లేనికి తగిలి చప్పుడైతే ముదిరినట్టే. లేతగా దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సమయం చాలా తక్కువ కాబట్టి, ఇంట్లో ఏం జరుగుతున్నా పాకం దగ్గరున్న మనిషి కదలకూడదు. సర్దిచెప్పే పని వేరొకరికి ముందే అప్పగించండి. మా ఇంట్లో అది నా పని.

పాకం దింపి, నెయ్యి, నువ్వులు వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. చల్లారాక చలిమిడి గట్టిపడుతుంది, అందుకని వేడిమీద కాస్త జారుగానే ఉంచండి.

వేగిన అరిసెను జల్లిగరిటెతో తీసేది బాబాయ్. దాన్ని చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేది బావగారు. సలసల కాగే నూనె దగ్గర ఒకరి చెయ్యి ఒకరు చూసుకోక తప్పదు. మొదటి పది అరిసెల దాకా మాటల్లేవు. తర్వాత "తియ్యండి మావయ్యగారూ, ఎర్రబడుతోంది" అని బావగారు, "గట్టిగా ఒత్తకండి అల్లుడుగారూ, విరిగిపోతుంది" అని బాబాయ్. ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం రెండేళ్ల తర్వాత నేను విన్నది అప్పుడే.

భోగి సాయంత్రం: వినండి

పిల్లలకు భోగిపళ్లు పోశాక డాబా మీద ఒక గంట కేటాయించండి. పక్కన జంతికలు, టీ. ఇది మాట్లాడుకోవడానికే పెట్టుకున్న సమయం, కాబట్టి ఎవరినీ ఆపొద్దు. "మీరు ఏ పార్టీ?" అన్న వైపు పోకుండా, సొంత విషయాలు అడగండి. బాబాయ్‌ని నేను అడిగేవి: ప్లాటు ఎక్కడ పడింది, ఈ ఏడాది కౌలు డబ్బులు వచ్చాయా, ఆ పొలంలో ఏం పండించేవాళ్లు? భూసమీకరణలో పొలం ఇచ్చినవాళ్లకి పదేళ్లు ఏటా కౌలు, దాంతోపాటు అభివృద్ధి చేసిన ప్లాట్లు అన్నది ఒప్పందం. ఆ లెక్క తప్పినప్పుడు ఇల్లు ఎలా గడిచిందో ఆయన చెబుతుంటే బావగారు అడ్డం రాకుండా విన్నారు.

బావగారు తన వంతు వచ్చినప్పుడు, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం గురించి చెప్పారు. రాజధాని, హైకోర్టు, ఈ రెంటిలో ఏది కావాలో రాయలసీమే ఎంచుకోవచ్చని అప్పటి పెద్దలు మాటిచ్చారట. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో హైకోర్టు మన గుంటూరులోనే ఉండేదని కూడా నాకు ఆయన ద్వారానే తెలిసింది. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు!

అభిప్రాయాలు మారలేదు. మారాలని కూడా అనుకోకండి.

పండగ పొద్దున: ఏది ముందు, ఏది వెనక

పదిహేను మందికి చెబుతున్నాను. ముందు పులిహోర చేసేయండి, రెండు గంటలు ఊరితేనే రుచి. కిలో బియ్యం పలుకుగా వండి, బేసిన్‌లో పరిచి, పసుపు, నూనె, కరివేపాకు వేసి చల్లారనివ్వండి. చింతపండు గుజ్జు పచ్చిమిరపకాయలతో నూనె తేలేదాకా ఉడికించి, పోపుతో కలిపి, చివర్లో కాస్త ఆవపిండి. కలిపే పని ఓపికున్న చేతికివ్వండి. మా అన్నయ్య కలిపితే మెతుకు విరగదు.

తర్వాత పరమాన్నం. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి. పాలల్లో అన్నం ఉడికాక పొయ్యి ఆపి, కాస్త చల్లారాకే బెల్లం వేయండి. పొయ్యి మీదుండగా వేస్తే పాలు విరుగుతాయి. గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, పప్పు మీకు తెలిసినవే. ఉల్లిపాయలూ కూరగాయలూ తరిగే పని పక్కింటి పిన్నికో, కొత్త కోడలికో ఒక్కరికే వదిలేయకుండా, కాలేజీ పిల్లలందరినీ కత్తిపీట దగ్గర కూర్చోబెట్టండి.

గారెలు ఆఖరున. కిలో మినప్పప్పు మూడు నాలుగు గంటలు నానితే చాలు. నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బాలి. చుక్క పిండి నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు సరిగ్గా వేయించబోయేటప్పుడే కలపండి, ముందే వేస్తే పిండి పలచబడుతుంది.

వంట చివరి అరగంట ప్రమాదకరమైనది. ఆకలి వేస్తుంటుంది, చేతిలో పని ఉండదు, హాల్లో టీవీలో చర్చ నడుస్తుంటుంది. ఆ అరగంట టీవీ కట్టేయండి. అరిటాకులు కడగడం, చాపలు పరవడం, మంచినీళ్లు పెట్టడం ఖాళీగా ఉన్న మగవాళ్లకి అప్పగించండి. మా ఇంట్లో ఆ సమయానికే తాతయ్య, నాయనమ్మల ఫోటోల ముందు కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. బాబాయ్ కళ్లు తుడుచుకుంటారు. అక్కడి నుంచి నేరుగా బంతికి.

అయినా మాట పెరిగితే

ఎవరు రైటో తేల్చడానికి దిగకండి. ఇద్దరిలో పెద్దవారి పక్కకి వెళ్లి, తగ్గిన గొంతుతో ఒక పని చెప్పండి: "బాబాయ్, గారెలు చూడవూ, నాకు చెయ్యి ఖాళీ లేదు." అందరి ముందూ "ఇక ఆపండి" అంటే పరువు పోయిందనుకుంటారు. ఎవరైనా నోరు జారి కులం పేరెత్తితే మాత్రం పని చెప్పి దాటేయొద్దు. "మన ఇంట్లో ఆ మాట వద్దు" అని ఇంటి పెద్దే నేరుగా అనాలి. మా నాన్నగారు ఒక్కసారే అన్నారు. మళ్లీ అవసరం రాలేదు.

కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ సామెత చెప్పి ఎవరినీ బయల్దేరనివ్వకండి. నాటుకోడి పులుసు నిదానంగా ఉడకాలి, దాంట్లోకి మళ్లీ గారెలు. ముందురోజు పొద్దెక్కేదాకా వంటలో అలిసిపోయిన ఆడవాళ్లు ఈరోజు కూర్చుని తినాలి. మా ఇంట్లో కనుమ గారెలు బాబాయ్, బావగారు కలిసి వేస్తారు.

ముక్కనుమ నాడు ఊళ్లకి వెళ్లేటప్పుడు అరిసెలు పూర్తిగా చల్లారినవే డబ్బాలో సర్దండి, వేడి మిగిలితే బూజు పడతాయి. మా అమ్మ డబ్బాల మీద "తుళ్లూరు", "కర్నూలు" అని రాసి, రెంటిలోనూ లెక్కపెట్టి ముప్పై చొప్పున పెడుతుంది.